స్థిర కృషీవలుడు

బెదురుబొమ్మ సంగతి పిట్టలకు మూడో రోజుకు తెలిసిపోతుంది. మొదటి రోజు చేను దరిదాపులకు రావు. రెండో రోజు గట్టు మీది తుమ్మచెట్టెక్కి కూచుని దాన్నే చూస్తూ తమలో తాము ఏదో మాట్లాడుకుంటాయి. మూడో రోజు వాటిలో కాస్త తెగువ ఉన్నదొకటి వచ్చి బొమ్మ తలమీద వాలి, రెట్ట వేసి, అది ఏమీ అనకపోవడం చూసి మిగతావాటిని పిలుస్తుంది. అక్కడితో బొమ్మ పని అయిపోయినట్టే. అయినా రైతు దాన్ని పీకెయ్యడు. నిలబెట్టినవాణ్ణి కోతకు ముందే తీసెయ్యడం బాగుండదని ఉంచుతాడు.

పిట్టలకు మూడు రోజులు. ఆఫీసుకు ఎన్ని రోజులన్నది ఎద్దులకొట్టాలలో ఇంకా తేలలేదు.

ఎద్దులకొట్టాల ఉలిగప్పకు ఉన్నదల్లా ఊరికి పడమర మూడెకరాల నల్లరేగడి. అతని తాత కంపలు కొట్టి సాగులోకి తెచ్చిన చేను. అది తప్ప భూమ్మీద అతనిదని చెప్పుకునేదేమీ లేదు. మనిషి మాట తక్కువ. ఇంట్లో జరగాల్సిన మాటలన్నీ భార్య తాయమ్మే జరిపించేది గనక అతనికి ఆ అవసరం పెద్దగా పడలేదు. ఆ ఏడు మూడెకరాల్లోనూ జొన్న వేశాడు. కంకి పాలు పోసుకోగానే బెదురుబొమ్మ నిలబెట్టాడు.

ఆ వైపు బెదురుబొమ్మకు ఒక పద్ధతి ఉంది. అడ్డకట్టెను చేను గలాయన బారకు కొలిచి కొట్టాలి. చొక్కా ఆయన తొడిగి విడిచిందే అయి ఉండాలి. పరాయి చొక్కా తొడిగితే పంట పరాయి పాలవుతుందని పెద్దల మాట. ఉలిగప్ప తన తెల్ల పొడుగుచేతుల చొక్కా ఇచ్చాడు. తాయమ్మ ఒక చిల్లికుండకు సున్నంతో కళ్లు, మసితో మీసం పెట్టింది. ఉలిగప్పకు మీసం లేదు. తాయమ్మకు మీసమంటే ఇష్టం. ముప్పై ఏళ్లుగా తీరని కోరిక కుండమీద తీర్చుకుంది.

సరిగ్గా అప్పుడే 'క్షేత్రసాక్షి' వచ్చింది.

కాగితాల మీద సేద్యం చేసేవాళ్లు ఎక్కువయ్యారని, ఇకమీదట చేలో ఎవరు కనబడితే వాళ్లే రైతని పైవాళ్లు తేల్చారు. మాట న్యాయంగానే ఉంది. ఊళ్లో అందరూ బాగుందన్నారు. చేలో ఎవరున్నారో చూడటానికి ఆకాశంలో తిరిగే యంత్రాన్ని పంపారు. అది రోజుకు నాలుగుసార్లు, ఎప్పుడొస్తుందో చెప్పకుండా వచ్చి, చేను మీద కాసేపు గిర్రున తిరిగి పోయేది. జనం దానికి తూనీగ అని పేరు పెట్టారు. వరుసగా మూడు రోజులు మనిషి కనబడని చేను 'నిర్జన క్షేత్రం' అవుతుంది. నిర్జన క్షేత్రం భూనిధిలో కలిసిపోతుంది. ఆ భూనిధి ఏ దిక్కున ఉందో ఎవరికీ తెలియదు గానీ, అందులో కలిసిన చేను మళ్లీ బయటికి రావడం మాత్రం ఎవరూ చూడలేదు.

ఉలిగప్ప చేలో లేకపోలేదు. కానీ రైతు చేలో ఉండేది చేలో పనున్నప్పుడు. తూనీగ వచ్చేది దానికి పనున్నప్పుడు. నెల రోజుల్లో అతను దాని కంట పడింది ఎనిమిదిసార్లు. బెదురుబొమ్మ నూట ఇరవైసార్లు పడింది.

నెల తిరిగేసరికి హంపమ్మ నోటీసు పట్టుకొచ్చింది. హంపమ్మ ఆ ఊరి పిల్లే. ఉలిగప్పకు అన్న వరుసాయన కూతురు. డిగ్రీ చదివి ఊళ్లోనే క్షేత్రసాక్షి పని చూసే ఉద్యోగంలో చేరింది. ఆమె వసారాలో కూచుని, ఎటూ చూడకుండా నోటీసు చదివింది.

"సర్వే నెంబరు రెండువందల పద్నాలుగులో ఒక స్థిర కృషీవలుడు ఎండావానలను లెక్కచేయక, భోజన విరామం సైతం తీసుకొనక, నూటికి నూరు శాతం హాజరుతో సేద్యం చేయుచున్నట్లు గమనించడమైనది. సదరు క్షేత్రంలోకి ఉలిగప్ప అను అస్థిర వ్యక్తి అప్పుడప్పుడు అనుమతి లేక ప్రవేశించుచున్నట్లును, ఈ నెల పన్నెండవ తేదీన స్థిర కృషీవలుని చొక్కా పట్టుకుని గుంజినట్లును ఛాయాచిత్ర ఆధారములు కలవు."

"గుంజల్యా," అన్నాడు ఉలిగప్ప. "గుండీ ఊడింటే పెట్టినా."

"నాకు తెలుసు చిన్నాయనా. ఆ మీసం చిన్నమ్మ పెట్టిందని కూడా తెలుసు. కానీ ఇందులో రెండే గడులుండాయి. స్థిర వ్యక్తి, అస్థిర వ్యక్తి. బొమ్మ అనే గడి ల్యా."

తాయమ్మ పొయ్యి దగ్గరనుంచే అందుకుంది. నెల దినాలు అన్నం నీళ్లు లేకుండా కష్టపడేవాడు చేలో ఉంటే తెలియక ఇంట్లో ఉన్నవాడికి సద్ది కట్టానని, రేపటినుంచి సద్ది ఎవరికి కట్టాలో ఆ నోటీసులో రాశారేమో చూడమని హంపమ్మను అడిగింది.

నోటీసులో అది లేదు. సోమవారం మండలాఫీసులో విచారణ అని, ఇరుపక్షాలూ స్వయంగా హాజరు కావాలని ఉంది. రాకపోతే చేను రాని పక్షానికి కాదని, ఇద్దరూ రాకపోతే భూనిధికని ఉంది.

అయితే తీసకపోయి చూపించమంది తాయమ్మ. కళ్లారా చూస్తే వాళ్లకే సిగ్గేస్తుందని ఆమె నమ్మకం. ఉలిగప్పకూ అదే తోచింది. సోమవారం తెల్లవారి బెదురుబొమ్మను పీకి, కాలికట్టెకు అంటిన మన్ను దులిపి, భుజాన వేసుకుని బస్సెక్కాడు.

కండక్టరు వచ్చి బొమ్మను కిందినుంచి పైదాకా చూశాడు. చూసి, ఇది లగేజీ అని, చేతులు అడ్డం వస్తున్నాయి గనక వెనక సీటుమీద ఏటవాలుగా పెట్టుకోమని చెప్పి ముందుకు పోయాడు. ఈ మొత్తం వ్యవహారంలో సర్కారు ఉద్యోగి ఒకడు చూసినదాన్ని చూసినట్టుగా అధికారికంగా చెప్పడం అదొక్కసారే.

మండల సాక్ష్యాధికారి పేరు పురుషోత్తమరావు. పదకొండున్నరకు వచ్చాడు. వస్తూనే తన గది గోడకున్న కెమెరా ముందుకు పోయి జుట్టు సవరించుకుని మొహం చూపించాడు. "ముఖం స్థిరంగా లేదు, మళ్లీ ప్రయత్నించండి" అంది అది. ఆఫీసులో అందరి హాజరూ ఆ కెమెరాయే వేస్తుంది. నాలుగోసారికి ఊపిరి బిగబట్టి, రెప్ప వెయ్యకుండా నిలబడి హాజరు వేయించుకున్నాడు.

బెదురుబొమ్మ చేతులు గుమ్మంలో పట్టలేదు. అటెండరు మాబుసాబు ఒక చెయ్యి పట్టి, పెళ్లికొడుకును పల్లకిలోంచి దించినంత జాగ్రత్తగా పక్కకు తిప్పి లోపలికి తెచ్చాడు. అధికారి కంప్యూటరు తెరమీదినుంచి తల ఎత్తకుండానే కూర్చోమన్నాడు. అది వంగలేదు. "స్థిర కృషీవలుడు వినయపూర్వకంగా నిలబడియే విచారణకు సహకరించెను" అని గుమాస్తాకు చెప్పి రాయించాడు.

తర్వాత పలకలాంటి యంత్రాన్ని కుండ ముందు పెట్టారు. టింగుమంది. తూనీగ తీసిన ఫొటోలతో నూటికి తొంభై ఎనిమిది పాళ్లు పోలిక కుదిరింది. ఉలిగప్ప ముందు పెట్టారు. అతనికి చెమట పట్టింది, కన్ను ఆర్పాడు, గుటక వేశాడు. యంత్రం మూడుసార్లు మూడు రకాల మనుషులని చెప్పింది.

"సార్, అది కట్టె సార్," అన్నాడు ఉలిగప్ప. "తల కుండ సార్."

పురుషోత్తమరావు కలం కింద పెట్టాడు.

"చూడు పెద్దాయనా. ఒక వ్యక్తి దేనితో తయారయ్యాడన్న అంశాన్ని విచారించే అధికారం ఈ కార్యాలయానికి లేదు. అతడు కనబడుచున్నాడా, లేదా? కనబడుచున్నచో స్థిరంగా కనబడుచున్నాడా, లేదా? మా పరిధి అంతవరకే. అతడు బొమ్మ అని నీ వాదనైతే, బొమ్మ అని ధ్రువీకరణ పత్రం తీసుకురా."

ఆ పత్రం ఎవరిస్తారని ఉలిగప్ప అడిగాడు. అలాంటి పత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదని, అందుచేత ఎవరూ ఇవ్వడంలేదని, అడిగినవారు లేనందువల్ల అవసరం లేదని తేలిందని అధికారి వివరించాడు. తర్వాత గుమాస్తా మంచినీళ్లకు లేచి వెళ్లడం చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ గొంతు తగ్గించాడు.

"నేనూ సేద్యగాళ్ల ఇంట్లో పుట్టినవాణ్ణే. అది ఏమిటో నాకు కనబడటంలేదా? కనబడుతోంది. కానీ ఏం చెయ్యను. నా కళ్లకు లాగిన్ లేదు."

ఆ ఒక్క మాటకు ఉలిగప్పకు అతనిమీద కోపం పోయింది.

గుమాస్తా తిరిగొచ్చాక అద్దాలు పెట్టుకుని అధికారి మళ్లీ అధికారి అయ్యాడు. ఉలిగప్పను సహాయకుడిగా ఉంచుకోవడానికి అభ్యంతరం ఉందా అని బెదురుబొమ్మను మూడుసార్లు అడిగాడు. అది పలకలేదు. మౌనం అంగీకారమని నియమావళిలో ఉంది. తుది ఉత్తర్వుకు గురువారం గడువు పెట్టి, అంతవరకు యథాస్థితి అన్నాడు.

యథాస్థితి అన్నది ఉలిగప్ప ఇంతకుముందు విన్న మాటే. అంత మెత్తటి మాటలో అన్ని ముళ్లుంటాయని అప్పుడే తెలిసింది. చొక్కా గుంజిన నేరం అతనిమీద ఉంది గనక బాధితుణ్ణి నిందితుడితో ఇంటికి పంపడానికి వీల్లేదు. గురువారందాకా బాధితుడు ఆఫీసు రక్షణలో ఉండాలి. చేను ఖాళీగా ఉంటే నిర్జనమవుతుంది గనక, సహాయకుడు స్థిర కృషీవలుడి స్థానంలో, అదే చోట, అదే దుస్తుల్లో, అదే భంగిమలో నిలబడాలి. కదిలితే అస్థిరం. మూడో మనిషిని గానీ మరో బొమ్మను గానీ చేలోకి దించితే ధిక్కారం.

"మీసం?" అన్నాడు ఉలిగప్ప.

"అదే మీసం," అన్నాడు పురుషోత్తమరావు. అని, జిల్లా ఆఫీసులో సమావేశముందని కారెక్కి వెళ్లిపోయాడు. మళ్లీ గురువారానికి వస్తానన్నాడు.

రక్షణలో ఉన్న మనిషి కెమెరాకు ఎదురుగా ఉండాలి. కెమెరా అధికారి గదిలో ఉంది. గది నిండా బీరువాలు. రెండు చేతులు చాచిన మనిషిని ఆనించడానికి ఎక్కడా చోటు లేదు. మాబుసాబు కాసేపు ఆలోచించి, కాలికట్టెను అధికారి కుర్చీ వెనక సందులో దోపి నిలబెట్టాడు. బల్ల వెనకనుంచి చూస్తే చేతులు చాచి అందర్నీ రమ్మంటున్నట్టుంది.

బొమ్మ మీది చొక్కా ఇవ్వడానికి ఆఫీసు ఒప్పుకోలేదు. అలాంటి తెల్లదేనని తాయమ్మ ఉలిగప్ప పెళ్లిచొక్కా తీసింది. అది పట్టనైతే పట్టింది గానీ ఊపిరి తీసుకుంటే పిగులుతుంది. మంగళవారం తెల్లవారి అతన్ని పీటమీద కూచోబెట్టి మసితో మీసం పెట్టింది. పెట్టి కాస్త వెనక్కి జరిగి చూసింది. మళ్లీ దగ్గరికొచ్చి కొసలు కొంచెం పైకి తిప్పింది. ఆ పూట అతన్ని ఒక్క మాట అనలేదు.

ఉలిగప్ప చేలో బొమ్మ గుంతలోనే కాళ్లు పెట్టి చేతులు చాచాడు. తూనీగ వచ్చింది. చుట్టూ తిరిగింది. తృప్తిగా వెళ్లిపోయింది.

ఆ వెనకే పిట్టలొచ్చాయి.

అతను ఇది ఆలోచించలేదు. ఈ చోటున చేతులు చాచుకుని నిలబడేవాడు ఏమీ చెయ్యడన్న సంగతి వాటికి నెల కిందటే తెలుసు. మళ్లీ మూడు రోజులు కాచుకోవాల్సిన పని వాటికి లేదు. పిచ్చికలు తెరలుతెరలుగా దిగాయి. చిలకలు కంకి మెడ విరిచి, రెండు గింజలు కొరికి, మిగతాది కింద పడేసి ఇంకో కంకికి పోయాయి. జొన్న అప్పటికి గట్టిపడుతోంది. ఇంకో నాలుగైదు రోజులు కాపాడితే కోతే. ఉలిగప్ప నాలుక చివరిదాకా 'హోయ్' వచ్చింది. తలమీద తూనీగ మోత వినబడింది. మింగేశాడు.

తాయమ్మ గట్టు అవతల వడిసెల పట్టుకుని నిలబడింది. చేలో అడుగు పెడితే మూడో మనిషి అవుతుంది. గట్టు మీదనుంచి రాళ్లు చేను నడుమకు చేరవు. చేరినా, రెండోరోజు ఒకటి చేరి ఉలిగప్ప మోకాలికి తగిలింది. అతను కదలలేదు. అప్పుడు ఆమె వడిసెల కింద పడేసి, పిట్టల్ని, తూనీగను, ఆఫీసును, ఆఫీసు పెట్టినవాళ్లను, వాళ్లను కన్నవాళ్లను వరసగా తిట్టింది. పిట్టలు ఒక్కటి లేవలేదు.

మూడోరోజు, గురువారం, పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఒక చిలక వచ్చి అతని చాచిన చేతిమీద కూచుంది. కాలితో కంకి పట్టుకుని, తీరిగ్గా తింటూ, మధ్యమధ్య తల పక్కకు తిప్పి అతని మొహంలోకి చూసింది. ఆ చూపులో ఎగతాళి ఉందని ఉలిగప్పకు అనిపించింది. ఇలాగే నిలబడితే చేను తనదవుతుంది. చేను తనదైతే పంట వీటిదవుతుంది. వీటిని తోలితే పంట తనదవుతుంది, చేను ఎవరిదో అవుతుంది. తాత కంపలు కొట్టేనాడు పిట్టలు మాత్రమే ఉండేవని, ఆయన పని తేలిక అని అనుకున్నాడు. కుడిచెయ్యి నెమ్మదిగా పిడికిలి బిగిసింది. ఏదైతే అదవుతుందనుకున్నాడు.

సరిగ్గా అప్పుడే గట్టు అవతల హంపమ్మ స్కూటీ ఆగింది. వెనకనుంచి పురుషోత్తమరావు దిగాడు. దిగడం దిగడమే చేతిలో కాగితం ఊపుకుంటూ, కాళ్లకు జొన్నకర్ర తగిలి తూలుతూ, చేనుకు అడ్డంపడి పరిగెత్తుకొచ్చాడు.

పిట్టలన్నీ ఒక్కసారిగా లేచాయి. మూడెకరాల మీద ఆకాశం నల్లబడి మళ్లీ తెల్లబడింది.

"దాన్ని కట్టె అని నువ్వు రాసివ్వాలి పెద్దాయనా. ఇప్పుడే రాసివ్వాలి," అన్నాడు అధికారి రొప్పుతూ.

జరిగింది హంపమ్మ చెప్పింది. మూడు రోజులుగా కుర్చీ దగ్గర కదలకుండా, భోజనానికి సైతం లేవకుండా ఉన్న మనిషిని కెమెరా స్థిర అధికారిగా రాసుకుంది. గుమాస్తాలు ఫైళ్లు తెచ్చి ఎదురుగా పెట్టారు. ఆయన అభ్యంతరం చెప్పలేదు. మౌనం అంగీకారం గనక ఆమోదం ముద్ర వేసి తీసకపోయారు. పదకొండేళ్లనుంచి ఆగిన ఫైళ్లు రెండున్నర రోజుల్లో కదిలాయి. ఎవర్నీ రేపు రమ్మనలేదు, ఎవరిమీదా కసురుకోలేదు. ఇంత మంచి అధికారిని ఈ మండలం ఎరగదని జనం ఆఫీసు ముందు టెంకాయలు కొడుతున్నారు. పొద్దున పురుషోత్తమరావు వచ్చి, కుర్చీ వెనకనుంచి దాన్ని పీకబోయాడు. అరగంటలో నోటీసు వచ్చింది. పురుషోత్తమరావు అను అస్థిర వ్యక్తి అనుమతి లేక కార్యాలయంలో ప్రవేశించి స్థిర అధికారి చొక్కా పట్టుకుని గుంజినట్లు ఆధారములు కలవు.

"రేపే విచారణ. అది బొమ్మ అని నువ్వొక్కడివే చెప్పగలవు," అన్నాడు అతను.

ఉలిగప్ప చేతులు చాచే ఉన్నాడు. పెదవులు కదలకుండా అన్నాడు.

"మనిషి దేంతో అయినాడో ఇచారించే అధికారం ల్యాదంటిరి గద సార్."

హంపమ్మ అటు తిరిగి పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి ఇటు తిరిగి, సంచిలోంచి ఇంకో కాగితం తీసి గొంతు సవరించుకుని చదివింది. స్థిర అధికారి ఎదుట పెట్టిన ఫైళ్లలో ఉలిగప్పదీ ఒకటి. "స్థిర కృషీవలుడు అధికార పదవిలో స్థిరపడినందున, అధికారి తన పరిధిలో సేద్యం చేయరాదను నియమం మేరకు, సదరు క్షేత్రము ఉలిగప్పకే చెందునని ఇందుమూలముగా ఉత్తర్వు చేయడమైనది. పూర్వపు యథాస్థితి ఉత్తర్వు రద్దు. అయితే క్షేత్రంలో ఎల్లవేళలా ఒక స్థిర వ్యక్తి కనబడుచుండవలెను."

అంటే చేను దక్కిందన్నమాట. ఉలిగప్ప చేతులు దించాడు. మూడు రోజులుగా చాచినవి గనక వెంటనే దిగలేదు. తాయమ్మ గట్టు దాటి వచ్చి ఒక్కో చెయ్యీ పట్టి దించింది.

పురుషోత్తమరావు గట్టు మీద చతికిలబడ్డాడు. సాక్షి లేకుండా విచారణకు పోయి లాభం లేదని, ఇప్పుడు తనకు ఎక్కడా హాజరు లేదని అన్నాడు. మూడు రోజులు ఎక్కడా కనబడకపోతే ఉద్యోగి కూడా నిర్జనమవుతాడని నియమావళి నలభయ్యో పేజీలో ఉందన్నాడు. ఆ పేజీ తనే రాశానన్నాడు.

ఉలిగప్ప అతన్ని చాలాసేపు చూశాడు. మనిషి మంచివాడే. కళ్లకు లాగిన్ లేదు, అంతే. పెళ్లిచొక్కా విప్పి దులిపి అతని ఒళ్లో పెట్టాడు.

"ఈడ నిలబడండి సార్. దినానికి నాలుగుమాట్లు చూస్తాది. ఎవురో ఒకరుండారని రాసుకుంటాది. మీరు యాడనో ఒకచోట ఉన్నట్లయితాది."

"మసి ఉండాది," అంది తాయమ్మ.

పురుషోత్తమరావు చేను వైపు చూశాడు. ఆకాశం వైపు చూశాడు. దూరంనుంచి తూనీగ మోత దగ్గరపడుతోంది. లేచి చొక్కా తొడుక్కున్నాడు.

మొదటి రోజు పిట్టలు చేను దరిదాపులకు రాలేదు. చేతిలో కాగితంతో కేకలు వేసుకుంటూ వచ్చినవాడు గనక అతనిమీద వాటికి కాస్త భయం ఏర్పడింది. ఉలిగప్ప బర్రెలకు నీళ్లు పెట్టుకొచ్చాడు, కొడవళ్లు నూరించుకొచ్చాడు, మధ్యాహ్నం కాసేపు పడుకున్నాడు. రెండో రోజు అవి తుమ్మచెట్టెక్కి కూచుని అధికారినే చూస్తూ తమలో తాము ఏదో మాట్లాడుకున్నాయి. ఆ పూటే తాయమ్మ కూలివాళ్లను పిలుచుకొచ్చింది.

మూడో రోజు సాయంత్రం ఒక పిచ్చిక వచ్చి పురుషోత్తమరావు తలమీద వాలింది. కాసేపు చూసి, అతను ఏమీ అనకపోయేసరికి మిగతావాటిని పిలిచింది.

అప్పటికి జొన్న కోత అయిపోయింది.